కుందేలు ఇంట్లో సామాన్లు కొరకకుండా చూసుకోవడం ఎలా? బెజవాడ, గుంటూరు ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

కుందేలు ఉన్న ఇంట్లో ఈ వరస అందరికీ తెలిసిందే. ముందు ఛార్జర్ వైరు తెగుతుంది. తర్వాత సోఫా అడుగు గుడ్డ చిరుగుతుంది. ఇంకొన్నాళ్లకు టేకు తలుపు అంచు అరిగిపోయి కనిపిస్తుంది. అప్పటికి ఇంట్లో పెద్దవాళ్ల ఓపిక అయిపోతుంది. "గూట్లో పెట్టి తలుపు వేసెయ్యండి, లేకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యండి" అంటారు. విజయవాడలో ఇలా చేతులు మారిన కుందేళ్లను చాలానే చూశాను. వాటి తప్పేం లేదు. తినాల్సింది ఎవరూ పెట్టలేదు, చెయ్యడానికి పనేమీ ఇవ్వలేదు, అంతే.

కుందేలు చేత కొరకడం మాన్పించలేం. మనం చెయ్యగలిగినవి రెండే: కొరకాల్సినవి ఎప్పుడూ దాని ముందు ఉంచడం, కొరక్కూడనివి దానికి అందకుండా చూడటం. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి విసిగిపోతారు. మొదటిది సరిగ్గా చేస్తే రెండోది సగం తేలికైపోతుంది. అందుకే ఇక్కడ వైర్ల కంటే ముందు గడ్డి గురించి రాస్తున్నాను.

ఎందుకు కొరుకుతోందో ముందు చూడండి

కుందేలుకు 28 పళ్లు. అవన్నీ బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లైతే వారానికి సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అరుగుదల లేకపోతే వంకర తిరిగి పెదవికో చిగురుకో గుచ్చుకుంటాయి, తిండి పోతుంది. కాబట్టి నమలడం దానికి అలవాటు కాదు, అవసరం.

అయితే వైర్లు కొరకడానికి కారణం పళ్లు ఒక్కటే కాదు. పెంపుడు కుందేళ్ల పూర్వీకులు నేలలో బొరియలు తవ్వుకుని బతికేవి. దారికి వేరు అడ్డొస్తే కొరికి పక్కన పడేసి ముందుకు పోవడం వాటి పద్ధతి. మన హాల్లో నేల మీద పాకిన వైరు కూడా దానికి అడ్డొచ్చిన వేరే. ఒకసారి గమనించండి: వైరు దగ్గర ఆగుతుంది, మీసాలతో తడుముతుంది, ఒక్క కొరుకు కొరికి తన దారిన తాను పోతుంది. తెగిన చోట కత్తెరతో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. నమిలి తినాలన్న కోరికేమీ అక్కడ ఉండదు.

సోఫా, చాప, దుప్పటి లాంటివి గంటల తరబడి కొరుకుతుంటే మాత్రం కారణం వేరే ఉంటుంది. పీచు చాలక కావచ్చు, తోచక కావచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో హార్మోన్ల జోరు వల్ల కూడా కొరకడం, తవ్వడం ఎక్కువవుతాయి. ఆడ కుందేలు ఉన్నట్టుండి గుడ్డలు, గడ్డి నోట కరుచుకుని ఒక మూల పోగేస్తూ, పొట్ట మీద బొచ్చు తనే పీక్కుంటుంటే గూడు కట్టుకుంటోందని అర్థం. కడుపు లేకపోయినా ఇలా చేస్తాయి.

ఒక వారం పాటు ఏది కొరికింది, ఏ వేళప్పుడు కొరికింది అని రాసిపెట్టుకోండి. కుందేలుకు తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ హుషారు ఎక్కువ. మనం నిద్రలోనో వంటపనిలోనో ఉండే సమయాలు సరిగ్గా అవే. ఆ వేళల్లో దానికి పని దొరికేలా చూస్తే చాలా నష్టం ఆగుతుంది.

మొదటి పని: గడ్డి

మన ఇళ్లలో కుందేలుకు సాధారణంగా ఏం పెడతాం? క్యారెట్, క్యాబేజీ, కాస్త అన్నం, చపాతీ ముక్క, పిల్లల చేతిలో బిస్కెట్. ఇవన్నీ ఐదు నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత రోజంతా నోరు ఖాళీ. పైగా పిండి, చక్కెర ఎక్కువై పేగులు పాడవుతాయి. పెద్ద కుందేలు తినే తిండిలో ఐదింట నాలుగు వంతులకు పైగా గడ్డే ఉండాలి. రోజుకు కనీసం దాని ఒళ్లంత కుప్ప.

దాని ముందు గరిక పెట్టి దగ్గర కూర్చుని చూడండి. ఒక్కో పరకను ఒక కొస నుంచి లోపలికి లాక్కుంటూ, కింది దవడను అటూ ఇటూ పక్కలకు కదుపుతూ నూరుతుంది. కరకరమని సన్నటి చప్పుడు వస్తుంది. లోపలి దంతాలు అరిగేది ఈ పక్కవాటు కదలికతోనే, గడ్డిలో ఉండే గరుకు వల్లే. చెక్క ముక్క కొరికితే ముందు పళ్లు మాత్రమే అరుగుతాయి. అందుకే షాపులో కొన్న చెక్క బొమ్మ గడ్డికి బదులు కాదు.

తిమోతీ గడ్డి ప్యాకెట్లు పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డబ్బుకు ఇబ్బంది లేకపోతే అవే కొనండి. అల్ఫాల్ఫా అని రాసి ఉన్నవి ఆరు నెలల లోపు పిల్లలకే. వాటిలో కాల్షియం, మాంసకృత్తులు ఎక్కువ, పెద్దవాటికి మూత్ర సమస్యలు తెస్తాయి. నెల నెలా అంత పెట్టలేమనుకుంటే మన దగ్గరే మంచి గడ్డి ఉంది. వినాయక చవితికి కట్టలు కట్టి అమ్మే గరిక కుందేలుకు చక్కటి తిండి. పాడి గేదెలున్న వాళ్లు పెంచే సూపర్ నేపియర్ లాంటి పశుగ్రాసం లేతగా ఉన్నప్పుడు కోయించుకుని, గరికతో కలిపి పెట్టొచ్చు. కంకిపాడు, పెనమలూరు వైపు గానీ, గుంటూరు నుంచి తెనాలి వైపు గానీ తెలిసిన రైతు ఒకరుంటే ఈ పని తేలిక. పురుగుమందు కొట్టి ఎన్నాళ్లయిందో అడిగి మరీ తీసుకోండి.

కొన్నిటి జోలికి వెళ్లొద్దు. కాలువ గట్ల మీద గడ్డి పచ్చగా కనిపిస్తుంది గానీ ఊళ్లోని మురుగు ఆ నీళ్లలో కలుస్తుంది, కుక్కలూ తిరుగుతాయి. లేత జొన్న పైరులో విషం ఉంటుంది, 'నాము' అంటారు, పశువులే చనిపోతాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎక్కడ చూసినా కనిపించే సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంది, ఎక్కువ తింటే కుందేలుకు హాని. లాన్ మిషన్‌తో కోసిన గడ్డి కుప్పలోనే వేడెక్కి పులుస్తుంది, అదీ వద్దు.

ఎండబెట్టుకునే పద్ధతి ఇది. గడ్డిని రెండు నీళ్లలో కడిగి, మట్టి వేర్లు కత్తిరించి, మేడ మీద నీడపట్టున గాలి తగిలే చోట పలచగా పరవండి. రోజుకు రెండుసార్లు తిరగేయండి. పరక విరిస్తే పుటుక్కున విరగాలి, ఇంకా పచ్చదనం కొంత మిగిలి ఉండాలి. అప్పుడు గాలాడే అట్టపెట్టెలో గానీ వెదురు గంపలో గానీ పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టొద్దు. వానాకాలంలో తేమ వాసన వచ్చినా, నల్లటి మచ్చలు కనపడినా నిర్మొహమాటంగా పారెయ్యండి. వరిగడ్డి సంగతి చాలామంది అడుగుతారు. తవ్వుకోవడానికి, పరుపుగా వేయడానికి, కాస్త నమలడానికి బాగుంటుంది. దానిలో బలం తక్కువ కాబట్టి అదే భోజనం కాకూడదు.

కొత్త గడ్డి ఏదైనా వారం, పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయండి. ఒక్కసారిగా పచ్చిగడ్డి దండిగా వేస్తే విరేచనాలవుతాయి.

గడ్డి ఎక్కడ పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. కుందేలు తింటూనే పెంటికలు వేస్తుంది కాబట్టి దాని దొడ్డి ట్రే పక్కనే ఒక కట్ట ఉంచండి. ఇంకో కట్ట అది రోజూ దాడి చేసే చోట ఉంచండి. సోఫా కాలు కొరుకుతుంటే ఆ కాలు పక్కనే. కొరకాలని వచ్చిన నోటికి ముందు గడ్డి దొరకాలి. నాకు తెలిసిన ఇళ్లలో అన్నిటికంటే బాగా పనిచేసింది ఈ ఒక్క మార్పే.

మిగతా తిండి క్లుప్తంగా: రోజుకు గుప్పెడు కొత్తిమీర, పుదీనా, తులసి, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు లాంటివి మార్చి మార్చి పెట్టండి. పాలకూర, తోటకూర, గోంగూర ఎప్పుడో ఒకసారి, కొంచెమే. క్యారెట్ దుంప బొటనవేలి గోరంత ముక్క, అదీ మిఠాయి లెక్కన. పెల్లెట్లు, అంటే షాపులో దొరికే గుళికల దాణా, కిలో బరువుకు రోజుకు సుమారు 25 గ్రాములు చాలు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, చాక్లెట్ ఎప్పుడూ వద్దు. నీళ్లు బరువైన మట్టి గిన్నెలో పెట్టండి. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ.

రెండో పని: కొరుక్కోవడానికి దానివంటూ కొన్ని

జామ కొమ్మలు అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతాయి. పెన్సిల్ మందం నుంచి వేలి మందం వరకు ఉన్నవి కోసి, కడిగి, ఆరబెట్టి ఇవ్వండి. ఆకులతో ఇచ్చినా తింటుంది. మల్బరీ కొమ్మలూ అంతే. రంగు వెయ్యని వెదురు బుట్ట, తాటాకు బుట్ట, తాటాకు విసనకర్ర ఇస్తే రెండు మూడు రోజులు దానితోనే కాలక్షేపం.

విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత లాంటి బట్టల మార్కెట్లలో థాన్లు చుట్టిన అట్ట గొట్టాలు ఖాళీ అయ్యాక పక్కన పడేస్తుంటారు. అడిగి తెచ్చుకోండి. జానెడు ముక్కలుగా కోసి, లోపల ఎండు గరిక దట్టంగా కూరి, మధ్యలో రెండు పుదీనా రెమ్మలు దాచి ఇవ్వండి. అది లాగుతూ, దొర్లిస్తూ, కొరుకుతూ చాలాసేపు గడుపుతుంది. సాయంత్రం మీరు వంటింట్లోకి వెళ్లేముందు ఇవ్వాల్సింది ఇదే.

తవ్వే పిచ్చి ఉన్నదానికి ఒక పెద్ద అట్టపెట్టెలో వరిగడ్డి, చింపిన న్యూస్ పేపర్ నింపి ఇవ్వండి. టేపులు, పిన్నులు పీకెయ్యండి. నున్నటి మ్యాగజైన్ కాగితాలు వాడొద్దు.

గుంటూరు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మిర్చి టిక్కీల గోనె సంచులు ఇళ్లలో పట్టాలుగా వాడటం మామూలే. ఎంత దులిపినా వాటిలో కారం ధూళి ఉంటుంది, పైగా జనపనార పోగులు పొట్టలోకి వెళ్తే పేగులకు అడ్డం పడొచ్చు. కుందేలు తిరిగే గదిలో అవి ఉండకూడదు. ప్లైవుడ్, వార్నిష్ చెక్క, రంగేసిన చెక్క బొమ్మలు కూడా వద్దు.

బొమ్మలన్నీ ఒకేసారి ముందు పడెయ్యకుండా రెండు మూడు ఉంచి, మిగతావి దాచి, నాలుగు రోజులకోసారి మార్చండి.

మూడో పని: ఇంటిని దాని కళ్లతో చూడటం

ఒకసారి నేల మీద బోర్లా పడుకుని గది మొత్తం చూడండి. నిలబడితే కనపడనివి అప్పుడు కనపడతాయి: ఫ్రిజ్ వెనక వైరు, టీవీ స్టాండ్ కింద చిక్కుపడిన తీగలు, వైఫై కేబుల్, ఇన్వర్టర్ బ్యాటరీ తీగలు, ఎయిర్ కూలర్ వైరు. మన ఇళ్ల కరెంటు 230 వోల్టులు. అంత చిన్న ప్రాణికి ఒక్క కొరుకు చాలు.

పైకి కట్టగలిగినవన్నీ రెండు మూడు అడుగుల ఎత్తుకు కట్టెయ్యండి. గోడ వెంట పోయే వాటికి కేసింగ్ క్యాపింగ్, అంటే మూత ఉన్న ప్లాస్టిక్ పట్టీ, కొట్టించండి. కదిలే వైర్లకు ముడతల ఫ్లెక్సిబుల్ పైపు తీసుకుని, నిలువుగా చీల్చి లోపల వైరు పెట్టి టేపు చుట్టండి. ఇవన్నీ ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాయి. మెత్తటి పైపును కూడా పట్టుదల ఉన్న కుందేలు కొరికేస్తుంది కాబట్టి ఫ్రిజ్, కూలర్ లాంటి వాటికి గట్టి పీవీసీ పైపే మంచిది. వాడనప్పుడు ప్లగ్ తీసెయ్యండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉందో లేదో చూపించుకోండి. లేకపోతే పెట్టించండి. అది కుందేలుకే కాదు, ఇంట్లో పిల్లలకూ రక్షణ.

వంటింట్లోకి మాత్రం అసలు రానివ్వొద్దు. సిలిండర్ నుంచి పొయ్యికి వెళ్లే గ్యాస్ ట్యూబు చాలా ఇళ్లలో నేలకు దగ్గరగా వేలాడుతుంటుంది. దానికి గాటు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గుమ్మానికి రెండున్నర, మూడు అడుగుల ఎత్తు ఇనప జాలీ పెట్టండి.

మంచం, బల్ల కాళ్లకు పాత పీవీసీ పైపును నిలువుగా కోసి తొడగండి. తలుపు అంచులకు అల్యూమినియం ఎల్-యాంగిల్ బిగించండి. కర్టెన్లు, దుప్పటి కొసలు, దండెం మీద చీరల అంచులు నేలకు తగలకుండా ఎత్తి కట్టండి. చీమల మందు చాక్ గీతలు, కలరా ఉండలు, ఎలకల మందు, దోమల కాయిల్స్ దాని దారిలో ఉండకూడదు. బాల్కనీ కుండీల్లో మనీ ప్లాంట్, గన్నేరు, డైఫెన్‌బాకియా, కలబంద, ఆముదం ఉంటే పైకి మార్చండి. గన్నేరు, ఆముదం అయితే ప్రాణమే తీస్తాయి.

కారం చల్లమంటారు, చల్లొద్దు

మన వైపు ఎవరికి చెప్పినా వచ్చే మొదటి సలహా ఇదే. కుందేలు ఊపిరంతా ముక్కుతోనే తీస్తుంది. కారం ఘాటు ముక్కుకు, ఊపిరితిత్తులకు పడుతుంది. కాలికంటిన కారాన్ని ముఖం తుడుచుకుంటూ కళ్లలో పూసుకుంటుంది. నొప్పితో తిండి మానేస్తే ప్రమాదం ఇంకా పెద్దది. కిరోసిన్, ఫినాయిల్ రాయడం కూడా అంతే. చేదు స్ప్రేలు కొన్నిటి మీద పనిచేస్తాయి, కొన్ని ఆ చేదును కూడా ఇష్టంగా నాకుతాయి. వాటిని నమ్ముకుని వైరును వదిలెయ్యలేం.

నాలుగో పని: మాట అలవాటు చేయడం

కొట్టడం, చెవులు పట్టి ఎత్తడం, ముఖాన నీళ్లు చల్లడం వల్ల అది మిమ్మల్ని చూసి పారిపోవడం నేర్చుకుంటుంది, కొరకడం మాత్రం మీరు లేనప్పుడు చేస్తుంది. కొరుకుతుండగా పట్టుకుంటే ఒకే మాట, ఒకే గొంతుతో "వద్దు" అనండి, ఒకసారి చప్పట్లు కొట్టండి. ఆగగానే దాని ముందు జామ కొమ్మ పెట్టండి. అది కొరకడం మొదలుపెట్టాక తల నిమరండి, లేదా ఒక కొత్తిమీర రెమ్మ ఇవ్వండి. గుడ్డ నోట్లో ఉండగా గుంజొద్దు, పళ్లు విరుగుతాయి. కొరకడం ఆపించడానికి తాయిలం చూపిస్తే మాత్రం, కొరికితే తాయిలం వస్తుందని నేర్చుకుంటుంది.

ఇంట్లో అందరిదీ ఒకటే పద్ధతి కావాలి. మీరు వద్దన్నప్పుడల్లా నానమ్మ బిస్కెట్ ఇస్తే ఏదీ కుదరదు. ఆవిడ చేతికి బిస్కెట్ బదులు నాలుగు పుదీనా ఆకులు ఇవ్వండి, ముద్దు చేసే ముచ్చటా తీరుతుంది.

చోటు, ఆపరేషన్

చిన్న గూట్లో పడి ఉన్న కుందేలు బయటకు వచ్చిన గంటలోనే అన్నీ కొరికేస్తుంది. అది బిగబట్టుకున్న హుషారు. సాధ్యమైతే గూటికి బదులు ఇనప జాలీ పలకలతో ఒక ఆవరణ కట్టండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటే మంచిది. ఫ్లాట్లో అంత కుదరకపోతే ఉన్నంతలో పెద్దది చేసి, ఉదయం, సాయంత్రం కలిపి కనీసం మూడు నాలుగు గంటలు బయట తిరగనివ్వండి. అడుగున తీగ జాలీ ఉన్న బోను పాదాలను పుండ్లు చేస్తుంది.

యవ్వనంలో మొదలైన కొరుకుడు, తవ్వుడు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ తర్వాత చాలావరకు తగ్గుతాయి. మగవాటికి నాలుగైదు నెలలకు, ఆడవాటికి ఐదారు నెలలకు చేయించొచ్చు. ఆడవాటికి గర్భాశయ క్యాన్సర్ ముప్పు కూడా తప్పుతుంది. కుక్కలకు చేసే ప్రతి డాక్టరూ కుందేళ్లకు చెయ్యలేరు, అనుభవం ఉందా అని సూటిగా అడగండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ముందు అక్కడ విచారించండి. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి పస్తు ఉంచమంటే మళ్లీ అడగండి: కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పస్తు అక్కర్లేదు, పస్తు వల్ల పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది. నోటి ద్వారా అమోక్సిసిలిన్ ఇవ్వడం కుందేళ్లకు ప్రాణాంతకం. ఇది కూడా గుర్తుంచుకోండి.

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి, కుందేలుకు 30 దాటితేనే కష్టం. ఆ వేడిలో అది కొరకడం తగ్గిస్తే దారికొచ్చిందని సంతోషించొద్దు, తిండి కూడా తగ్గిందేమో చూడండి. చల్లటి నాపరాయి బండ ఒకటి వేసి, కూలర్ ఉన్న గదిలోకి మార్చండి, కూలర్ వైరు జాగ్రత్తగా దాచాకే.

డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సినప్పుడు

వైరు కొరికి షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే ముట్టుకోండి. లేచి మామూలుగా తిరుగుతున్నా అదే రోజు చూపించండి. నోట్లో కాలిన పుండ్లు ఉంటాయి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు.

గుడ్డ, రబ్బరు, కార్పెట్ పోగులు మింగిందనుకుంటే పెంటికలను గమనించండి. పది, పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు ఆగినా, చిన్నవైనా, ఒక మూల ముడుచుకుని పళ్లు నూరుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. గడ్డం కింద తడిగా ఉండటం, గడ్డి నోట్లోంచి జారిపోవడం, ఉన్నట్టుండి మెత్తటివే తినడం పంటి జబ్బు గుర్తులు. పెరిగిన పళ్లను నెయిల్ కట్టర్‌తో ఇంట్లో కత్తిరించొద్దు, నిలువునా చీలతాయి. డాక్టర్లు మిషన్‌తో అరగదీస్తారు.

సంక్రాంతికో పెళ్లికో ఊరెళ్తుంటే ఆవరణలోనే ఉంచి, గది ప్లగ్గులన్నీ తీసేసి వెళ్లండి. రోజుకు రెండుసార్లు వచ్చే మనిషిని పెట్టుకుని, ఎండు గడ్డి పూటకొక కట్ట చొప్పున విడివిడిగా కట్టి ఇవ్వండి. పెంటికలు పడ్డాయా లేదా అని ఆ మనిషి ప్రతిసారీ చూసి మీకు ఫోన్ చెయ్యాలి. డాక్టర్ నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసి అంటించండి, కుందేలుకు అందనంత ఎత్తులో.